గుండు తప్పిందా, చెక్క తప్పిందా?

తిరనాళ్లలోనో, సూర్యలంక ఇసుకలోనో బుడగల బోర్డు ముందు ఎయిర్‌గన్ పట్టుకున్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గురి సరిగ్గానే పెట్టానే, ఎందుకు తప్పింది?"

పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "దానికి గురి ఉండదులేరా, కొట్టువాడు గొట్టం వంచి పెడతాడు." అందులో కొంత నిజం ఉండొచ్చు. గొట్టాన్ని మడిచి గుండు పెట్టే రకం తుపాకీలో కీలు అరిగితే, మూసిన ప్రతిసారీ గొట్టం ఒకే చోట కూర్చోదు. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే మూడు మీటర్ల దూరంలో గుండు 5 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పది మీటర్ల దగ్గర 17 సెంటీమీటర్లు పోతుంది. అయితే కీలు అరగని తుపాకీనే ఇద్దరు కొత్తవాళ్లు పట్టుకుని, ఒకే బుడగను, అంతే దూరం నుంచి కొడితే ఒకరిది ఎడమకీ ఇంకొకరిది పైకీ పోతుంది. గొట్టం వంకర ఇద్దరికీ ఒకటే కదా! మారింది మనిషి. ఆ మనిషి భుజం, చెంప, అరచేయి తగిలేది ఇనుముకు కాదు, చెక్కకు. ఈ అధ్యాయంలో సగం ఆ చెక్క గురించే.

బాపట్లకూ చీరాలకూ మధ్య రైలుదారి మీద స్టూవర్టుపురం ఉంది. ఈ మాటలన్నీ ఆ ఊరి బడిపిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టుగానే రాస్తున్నాను. దానికి కారణం ఉంది. 1910ల్లో మద్రాసు ప్రభుత్వం నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ దింపింది, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించింది. గవర్నరు కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. పుట్టిన బిడ్డ నేరస్తుడిగానే పుట్టాడని చెప్పిన ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. 1991లో వచ్చిన 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' ఆ ముద్రను తెరమీద ఇంకా పెద్దది చేశాయి. ఆ ఊరివాళ్లు బుట్టలల్లి, చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనిచేసి, పొలాలు దున్ని బతికిన సంగతి ఏ సినిమాలోనూ పెద్దగా కనపడదు. ఊరి పేరు చెప్పగానే తుపాకీ గుర్తుకొచ్చే పరిస్థితి ఎలాగూ వచ్చింది కాబట్టి, ఆ తుపాకీని భయం, మోజు రెండూ పక్కన పెట్టి ఒక యంత్రంగా విప్పి చూడటం అక్కడి నుంచే మొదలవ్వాలని నా కోరిక.

గొట్టం లోపలి మెలిక

పాతకాలపు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉండేది. రైఫిల్ గొట్టంలో మాత్రం మరలాగా మెలి తిరిగిన సన్నటి గాళ్లు ఉంటాయి. సీసపు గుండు ఆ గాళ్లను ఒరుసుకుంటూ వస్తుంది కాబట్టి ముందుకు దూసుకుపోతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. బొంగరం తిరుగుతున్నంతసేపూ ఒరగకుండా నిలబడుతుంది, ఆగితే పడిపోతుంది. తిరిగే గుండు కూడా అంతే, తిరుగుడు ఉన్నంతసేపూ తన ముక్కు దిశను వదలదు. జర్మన్ పనివాళ్లు పదహారో శతాబ్దం నాటికే గొట్టాల్లో ఈ గాళ్లు తీశారు. అవి ఎందుకు పనిచేస్తాయో తెలియడానికి మాత్రం ఇంకో రెండువందల ఏళ్లు పట్టింది.

ఆ రహస్యం విప్పినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో ఆయన ఫిరంగి శాస్త్రం మీద పుస్తకం అచ్చువేస్తే, మూడేళ్లకే ఆయిలర్ అంతటివాడు దాన్ని జర్మన్‌లోకి మార్చాడు. రాబిన్స్ చేసిన పరీక్షల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. నున్నటి గొట్టం ఉన్న తుపాకీ తీసుకుని దాని మూతిని కొంచెం ఎడమకు వంచాడు. ముందు వరసగా పల్చటి కాగితపు తెరలు కట్టి పేల్చాడు. మూతి ఎడమకు ఉంది కాబట్టి గుండు ఎడమకే పోవాలి. దగ్గరి తెరల్లో చిల్లులు ఎడమకే పడ్డాయి. దూరం పోయేకొద్దీ చిల్లులు కుడివైపుకి జరిగి, చివరికి గుండు, వంచని గొట్టం చూపే తిన్నటి గీతను దాటి కుడికి వెళ్లిపోయింది!

వంగిన గొట్టంలో గుండు కుడి గోడకు ఆనుకుని దొర్లింది. ఆ దొర్లుడే దానికి తిరుగుడు ఇచ్చింది. తిరుగుతూ పోయే గుండుకు ఒక పక్క గాలి ఎక్కువ తోపు ఇస్తుంది. నున్నటి గొట్టంలో గుండు ప్రతిసారీ ఏదో ఒక గోడను రాసుకుంటుంది. అది ఏ గోడో, ఏ వైపు తిరుగుడు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. గుండు తప్పడానికి కారణం ఈ అదుపులేని తిరుగుడేనని రాబిన్స్ చూపించాడు. గాళ్లు తిరుగుడును ఆపవు. ప్రతిసారీ ఒకే రకం తిరుగుడు వచ్చేలా చేస్తాయి. ఆ రాబిన్స్ చివరికి ఈస్టిండియా కంపెనీ కోటలు సరిచేసే ఇంజనీరుగా మన తీరానికే వచ్చి, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో 1751 జులైలో జ్వరంతో పోయాడు. బాపట్ల అలలు తాకే కోరమాండల్ తీరమే అది. మన భౌతికశాస్త్రం పాఠాల్లో ఆయనకు ఒక్క పేరా అయినా దక్కాలి.

గాళ్లతో ఒక చిక్కు ఉంది. గుండు వాటిలోకి బిగుతుగా కూర్చోవాలి, అలా కూర్చుంటే మూతిలోంచి లోపలికి దించడం కష్టం. కంపెనీ సిపాయిలకు 1857కు ముందు వచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్లో మూడు గాళ్లు ఉండేవి. గుండు అడుగున బోలుగా చేసి, పేలినప్పుడు ఆ అడుగు విచ్చుకుని గాళ్లలోకి దిగేలా ఏర్పాటు చేశారు. గుండును కాగితపు తూటాలో చుట్టి, సులువుగా జారడానికి కొవ్వు రాశారు. ఆ తూటాను పంటితో కొరికి విప్పాలి. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం ఏ నిప్పు రాజేసిందో బడిలో చదివే ఉంటారు. గొట్టంలో మెలిక లేకపోతే కొవ్వు అవసరమే వచ్చేది కాదు.

ఎయిర్ రైఫిల్ గుండుకు కూడా అడుగు బోలుగానే ఉంటుంది. 4.5 మిల్లీమీటర్ల వెడల్పు, అర గ్రాము బరువు, మధ్యలో సన్నటి నడుము. వెనక పల్చటి అంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది. బయటికి వచ్చాక ఆ వెనక భాగాన్నే గాలి ఎక్కువగా పట్టి లాగుతుంది కాబట్టి ముక్కు ముందుకే ఉంటుంది.

గుండు బయటపడేలోగా

ట్రిగ్గర్ నొక్కగానే గుండు పోయిందని అనుకుంటాం. నొక్కడానికీ గుండు మూతి దాటడానికీ మధ్య చాలా జరుగుతుంది.

స్ప్రింగు ఎయిర్‌గన్‌ను తీసుకుందాం. తిరనాళ్లలో ఉండేది, మనదేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. గొట్టం మడిచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది, దాని ముందు పిస్టన్ ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది. బరువైన ఇనుము ముందుకు దూకితే తుపాకీ వెనక్కి జరగాలి, న్యూటన్ చెప్పింది అదే. ఇంకా గుండు కదలలేదు, తుపాకీ కదిలింది! పిస్టన్ ముందున్న గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కి, గుండును తోయడం మొదలుపెడుతుంది. అదే గాలి దిండులా అడ్డుపడి పిస్టన్‌ను ఆపుతుంది, ఒక్కోసారి వెనక్కి తంతుంది. ఈసారి తుపాకీ ముందుకు కుదుపుకుంటుంది. ఈ కుదుపుల మధ్యలో గుండు గొట్టం దాటుతుంది. ఇదంతా సెకనులో వందోవంతుకు అటూఇటూగా ముగుస్తుంది. మనిషి కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయి కదలడానికి సెకనులో అయిదోవంతు పడుతుంది. తుపాకీ కదిలిందని మనకు తెలిసేలోపు గుండు ఎప్పుడో అట్టకు తగిలింది.

కాబట్టి కుదుపును చేత్తో ఆపడం ఎవరి వల్లా కాదు. మనకు మిగిలింది ఒకటే దారి: కుదుపు ప్రతిసారీ ఒకేలా జరిగేటట్టు చూడటం. గట్టిగా పట్టుకుంటే గురి కుదురుతుందని కొత్తవాళ్లందరూ నమ్ముతారు. స్ప్రింగు తుపాకీ విషయంలో అది పూర్తిగా తప్పు. గట్టి పట్టు ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు. ఒకసారి బొటనవేలు ఎక్కువ నొక్కుతుంది, ఇంకోసారి చెంప. నొక్కు మారితే కుదుపు దారి మారుతుంది, గుండు పడే చోటు మారుతుంది. అరచేతిలో వదులుగా, ఎప్పుడూ చెక్క మీద అదే చోట ఆనించి, తుపాకీని దాని ఇష్టానికి వెనక్కి జరగనిస్తే గుళ్లన్నీ ఒకచోట చేరతాయి. బుడగల కొట్టువాడి చేతుల్లో ఉన్న రహస్యంలో పెద్ద వాటా ఇదే. ఎవరూ చెప్పకుండానే అతని చేతులు నేర్చుకున్నాయి.

ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్లకు ఈ బాధ లేదు. వాటిలో స్ప్రింగు ఉండదు, గొట్టం కింద సిలిండరులో ముందే నొక్కి నింపిన గాలి ఉంటుంది. కుదుపు దాదాపు తెలియదు. గుండు సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయి పది మీటర్లను సెకనులో పదహారోవంతులో దాటేస్తుంది. ఆ కాస్త సమయంలోనే భూమి దాన్ని దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. ఈ అంకె కాసేపట్లో అవసరమవుతుంది.

చెక్క పని

అమెరికాలో రైఫిల్ చెక్కను ఇంటి షెడ్డులో మలచుకోవడం పెద్ద హాబీ. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత సైన్యాలు వదిలించుకున్న మౌజర్, స్ప్రింగ్‌ఫీల్డ్, ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు చవగ్గా దొరికితే, జనం వాటి మొరటు చెక్క తీసేసి వాల్‌నట్ దుంగ కొని, ఉలి పట్టుకుని, తమ ఒంటికి తగ్గట్టు కొత్త చెక్క చేసుకున్నారు. మన దగ్గర లైసెన్సు తుపాకీ మీద అలా చేయి వేయడానికి చట్టం ఒప్పుకోదు, దాని సంగతి తర్వాత చెబుతాను. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ చెక్కను సరిచేసుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. వడ్రంగి పని తెలిసిన ఇంట్లో అయితే కావలసిన పనిముట్లు ఇప్పటికే ఉంటాయి.

మొదట పొడవు. తుపాకీ మడమ (భుజానికి ఆనే చివర) నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం మనిషి చేతికి సరిపోవాలి. మోచేయి మడిచి, ఆ మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలిస్తే సుమారుగా ఎంత కావాలో తెలుస్తుంది. కంపెనీ నుంచి వచ్చే రైఫిళ్లలో ఇది 35 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, ఎదిగిన మగవాడి చేతికి తగిన కొలత. ఏడో తరగతి పిల్ల చేతికి అదే రైఫిల్ ఇస్తే, ట్రిగ్గర్ అందడం కోసం ఒళ్లంతా వెనక్కి విరుచుకుని మెడ ముందుకు చాస్తుంది. ఆ పిల్లకు గురి లేదని తేల్చేస్తారు. గురి లేనిది ఆ చెక్కకు. మడమ పలకను విప్పి చెక్కను అడ్డంగా కోసి, కోసిన ముక్కను దాచి ఉంచితే పిల్ల ఎదిగేకొద్దీ సన్నటి పలకలుగా తిరిగి చేర్చుకోవచ్చు.

తర్వాత చెంప. ఎముక బరువు మోస్తే అలసట ఉండదు, కండ మోస్తే వణుకు వస్తుంది. ఎంత బలవంతుడి కండైనా సెకనుకు పదిసార్ల చొప్పున సన్నగా వణుకుతూనే ఉంటుంది. షూటర్లు ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించేది అందుకే. తల కూడా అలాగే మెడ కండల మీద వేలాడకుండా చెక్క మీద బరువుగా వాలాలి. వాలినప్పుడు కన్ను తనంతట తాను సైటు వెనకకు రావాలి. వస్తోందో లేదో చూసే పద్ధతి ఉంది. కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి, తలను హాయిగా చెక్క మీద వాల్చి, అప్పుడు కళ్లు తెరవాలి. వెనక సైటు తప్ప ముందుది కనపడకపోతే చెంప కిందికి ఉన్నట్టు. అట్టముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి టేపు చుట్టి ఎత్తు పెంచుతూ పోవాలి. ఎత్తు కుదిరాక ఆ అట్టల మందాన్ని కొలిచి అంత చెక్కను చెంపదిమ్మగా చెక్కి అతికించాలి. ముందు అట్టతో తేల్చుకోకుండా ఉలి పట్టినవాళ్లు మంచి చెక్కను పాడుచేస్తారు.

ఇంక అన్నిటికంటే ఓపిక కావలసిన పని ఇనుమును చెక్కలో కూర్చోబెట్టడం. పైనుంచి చూస్తే రైఫిల్ యంత్రం చెక్క గాడిలో చక్కగా దిగినట్టే కనిపిస్తుంది. నిజంగా ఎక్కడెక్కడ ఆనుతోందో తెలియాలంటే పాత పద్ధతే ఉత్తమం. యంత్రాన్ని చెక్క నుంచి విడదీసి, దాని అడుగుకు పల్చగా దీపపు మసి పూయాలి. నూనెలో కలిపిన కాటుకైనా చాలు. నిదానంగా గాడిలోకి దించి, ఒకసారి నొక్కి, నిటారుగా పైకి తీయాలి. చెక్కలో ఎక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడే ఇనుము ఆనుతోంది. మొదటిసారి రెండు మూడు చోట్ల తప్ప మచ్చ కనపడదు. అంటే యంత్రం ఆ రెండు మూడు మిట్టల మీద ఊగుతోందన్నమాట. ఉలి అంచుతో ఆ మచ్చ మేరకే గీకాలి, కాగితం మందం కంటే ఎక్కువ తీయకూడదు. మళ్లీ మసి, మళ్లీ దించడం, మళ్లీ గీకడం. గాడి అడుగంతా సమానంగా నల్లబడేదాకా ఇదే పని. తొందర ఉన్నవాళ్లు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

అంతా అయ్యాక వానాకాలం వస్తుంది. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో తగ్గుతుంది. నార పొడవునా ఈ తేడా లెక్కలోకి రానంత తక్కువ, నారకు అడ్డంగా చాలా ఎక్కువ. టేకు చాలా కలపల కంటే నెమ్మదైనది. అయినా 4 సెంటీమీటర్ల మందం ఉన్న టేకు, వేసవి నుంచి ముసురు రోజులకు వచ్చేసరికి అర మిల్లీమీటరు దాకా ఉబ్బగలదు. సముద్రం పక్కనున్న బాపట్ల, రేపల్లె ఊళ్లలో తలుపులు వానాకాలంలో బిగుసుకుపోయేది ఇందుకే. యంత్రాన్ని పట్టి ఉంచే మరమేకులు ఆ చెక్కను నొక్కుతున్నాయి కాబట్టి చెక్క ఉబ్బితే బిగుతు పెరుగుతుంది, తగ్గితే మేకులు వదులవుతాయి. ఏప్రిల్‌లో కుదిరిన గురి ఆగస్టులో తప్పుతుంది.

దీనికి మందు, మేకు పోయే రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్కను దించడం. చెక్క మందానికి సరిగ్గా సరిపోయేలా కోసి, రెండు పాళ్ల జిగురుతో అతికిస్తే మేకు ఇక చెక్కను నొక్కదు, ఇత్తడి మీద బిగుస్తుంది. చెక్క చుట్టూ ఎంత ఉబ్బినా బిగుతు మారదు. యంత్రం అడుగున కూడా అదే జిగురును పల్చగా పరిచి, ఇనుముకు ముందే మైనం పూసి దించితే, గట్టిపడ్డాక దాని ఆకారం చెక్కలో అచ్చుపడుతుంది. మైనం మర్చిపోతే ఇనుము, చెక్క ఎప్పటికీ విడిపోవు. ఆఖరున అవిసె నూనెను పలుచగా, పొర ఆరాక పొర రుద్దితే తేమ లోపలికి పోవడం నెమ్మదిస్తుంది. కోసిన అంచులకూ, మేకుల రంధ్రాల లోపలి గోడలకూ కూడా నూనె పట్టించాలి. చెక్క నీరు తాగేది ముఖ్యంగా అక్కడినుంచే.

కన్ను, చిన్న చిల్లు

కంటికి ఒకేసారి దగ్గరిదీ దూరానిదీ స్పష్టంగా కనపడదు. వెనక సైటు, ముందు సైటు, లక్ష్యం మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. దీన్ని దాటడానికి పోటీ రైఫిల్లో వెనక సైటుగా సన్నటి చిల్లున్న బిళ్ల పెడతారు. ఒక అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని దూరంగా ఉన్న అక్షరాలను చూడండి. కళ్లజోడు తీసేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మసకగా ఉన్న అక్షరాలు తేటపడతాయి. వెలుగు తగ్గుతుంది గాని, పక్కదారిన వచ్చే కిరణాలు ఆగిపోయి బొమ్మ పదునెక్కుతుంది.

రెండు సైట్ల మధ్య 75 సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, వెనక సైటు మిల్లీమీటరులో పదోవంతు జరిగినా పది మీటర్ల దగ్గర గుండు 1.3 మిల్లీమీటర్లు జరుగుతుంది. తుపాకీ పక్కకు ఒరిగినా నష్టమే. గొట్టం గురిగీత కంటే కొద్దిగా పైకి చూస్తూ ఉంటుంది, ఆ 18 మిల్లీమీటర్ల జారుడును సరిచేయడానికి. తుపాకీ 5 డిగ్రీలు ఒరిగితే ఆ పై చూపు పక్క చూపుగా మారి గుండు మిల్లీమీటరున్నర పక్కకు పడుతుంది. ఇవి చిన్న అంకెలేనా? పది మీటర్ల అట్ట మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు పది వస్తుంది. పూర్తి 10.9 రావాలంటే మాత్రం గుండు నడిమధ్య చుక్క నడిమధ్యకు పావు మిల్లీమీటరులోపు పడాలి. ప్రతి పావు మిల్లీమీటరుకు పదోవంతు పాయింటు పోతుంది. 5 డిగ్రీల ఒరుగుడుకు ఆరు పదోవంతులు పోయినట్టే, ఫైనల్లో పతకాలు అంతకంటే తక్కువ తేడాతో చేతులు మారతాయి.

ఇంట్లో ఎంతవరకు?

ఇక్కడ సూటిగా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, రూపం మార్చడం, అమ్మడం, బాగుచేయడం నేరం. ఆరో సెక్షను ప్రకారం గొట్టం పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడం నేరం. 2019 సవరణ తర్వాత వీటికి ఏడేళ్లకు తగ్గని జైలు ఉంది. 2016 నిబంధనల కింద 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జౌళ్లకు మించని శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. చెక్క, చెంపదిమ్మ, మడమ పలక, సైటు ఇవన్నీ మన చేతిలోని పనులు. గొట్టం, స్ప్రింగు బలం, ట్రిగ్గర్ లోపలి కొక్కేలు మన పనులు కావు. స్ప్రింగు బలం పెంచితే తుపాకీ చట్టం గీత దాటొచ్చు. పైగా గురి బాగుపడదు, కుదుపు పెరిగి ఇంకా పాడవుతుంది. ట్రిగ్గర్ కొక్కేలను ఆకురాయితో రుద్దితే తుపాకీ నేలకు తగిలినా పేలే ప్రమాదం ఉంది.

పోటీ రైఫిల్ గుండు మోసే శక్తి ఏడున్నర జౌళ్లే, కిలో బరువును ముప్పావు మీటరు ఎత్తేంత. ఆ శక్తంతా ఒక చిన్న బిందువు మీద పడుతుంది కాబట్టి కన్ను పోవడానికి చాలు. కళ్లద్దాలు లేకుండా కాల్చకూడదు. గుండు సీసం కాబట్టి పని అయ్యాక చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. పిట్టల జోలికి అసలు పోకూడదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు వచ్చే కొంగలకూ గూడబాతులకూ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. చట్టం లేకపోయినా, ప్రాణం తీయడానికి ఇంత ఓపికగా చెక్కను మలిచేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

పది మీటర్ల వసారా

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో 600కు 600 సాధించాడు, అరవై గుళ్లూ ఆ అర మిల్లీమీటరు చుక్కనే తాకాయి. రెండేళ్లకు లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. పుట్టుకతో వినికిడి లేని హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో స్వర్ణం గెలిచాడు. ఈ ఆటకు పరుగు, ఎత్తు, బలం అక్కర్లేదు. కావలసింది నిలకడ, సరిపోయే చెక్క, పది మీటర్ల జాగా.

ఎరుకలవాళ్లు తమను ఏకలవ్యుడి వారసులుగా చెప్పుకుంటారు. స్టూవర్టుపురంలో ఒక బడి వసారా చివర గట్టి గోడ కట్టి, గుళ్లు చిక్కే ఇనుప పెట్టెలు పెట్టి, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా కటకటాలు వేస్తే పది మీటర్ల రేంజి అయిపోతుంది. శిక్షకుడు ఒకడు, రెండు మూడు కొలతల్లో కోసిన చెక్కలున్న రైఫిళ్లు చాలు. ప్రభుత్వం ఈ ఖర్చు పెట్టాలి. ఆ పిల్లల తాతముత్తాతలను పోలీసు హాజరుపట్టీలో రోజూ లెక్కపెట్టడానికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

అలాంటి చోట శిక్షకుడు గుళ్లు ఇచ్చే ముందు చేయించాల్సిన పరీక్ష ఒకటుంది. పిల్ల ఖాళీ రైఫిల్‌తో అట్ట వైపు నిలబడి, గురి పెట్టి, కళ్లు మూసుకుని మూడు నాలుగు ఊపిరులు నెమ్మదిగా తీసి వదలాలి. కళ్లు తెరిచాక సైటు చుక్క మీదే ఉంటే ఒంట్లో ఏ కండా తుపాకీని బలవంతంగా అక్కడికి లాగడం లేదన్నమాట. పక్కకు జరిగి ఉంటే చేత్తో వెనక్కి లాగకూడదు, వెనక పాదాన్ని కొద్దిగా జరిపి మళ్లీ చూడాలి. పైకో కిందికో పోయి ఉంటే మడమ పలకను కాస్త దించో ఎత్తో మళ్లీ చూడాలి. ఎంత జరిపినా కుదరకపోతే చెక్కను బల్ల మీద పెట్టి చెంపదిమ్మ నుంచి కొలతలు మళ్లీ తీసుకోవాలి.